రంగు వేసిన కన్వర్షన్ మినియేచర్ కొంటున్నారా? ప్రైమర్‌కు ముందు తీసిన ఫోటో చూడనిదే డబ్బు పంపకండి

మార్పులు చేసి (దీన్నే కన్వర్షన్ అంటారు), రంగులు వేసి అమ్మకానికి పెట్టిన వార్‌గేమింగ్ మినియేచర్, అంటే యుద్ధ ఆటల్లో వాడే చిన్న బొమ్మ, కొనబోతున్నవారు ఒక్కసారి ఇది చదవండి. నేను కొన్నది రెక్కల మృగంపై స్వారీ చేసే యోధుడి బొమ్మ. అమ్మకందారు రాసిన వివరాల ప్రకారం యోధుడు ప్లాస్టిక్, మృగం పోత పోసిన రెజిన్, భుజాల నుంచి వేలాడే వస్త్రం ఎపాక్సీ పుట్టీతో (కలిపాక గట్టిపడే ముద్దతో) చేత్తో మలిచింది, రెక్కల అతుకుల్లో ఇత్తడి పిన్నులు. వీటిలో నిజమని తేలింది ప్లాస్టిక్ ఒక్కటే.

పెట్టె తెరిచేసరికి ఎడమ రెక్క ఊడి ఉంది. రవాణాలో ఊడటం వింత కాదు. ఊడినచోట రంధ్రం లేకపోవడమే వింత. పిన్ను పెట్టాలంటే రెండు వైపులా సుమారు ఒక మిల్లీమీటరు రంధ్రం తొలిచి, తీగ దింపి, ఆపైన అతికించాలి. ఇక్కడ రెండు ముఖాలూ నున్నగా ఉన్నాయి, మధ్యలో ఎండిపోయిన సూపర్‌గ్లూ పొర. పక్కనుంచి చిన్న దెబ్బ తగిలినా పెళుసుగా విడిపోయే ఆ జిగురు ఒక్కదాని మీదే అంత బరువైన రెక్కను నిలబెట్టారు.

తర్వాత వస్త్రాన్ని దీపం వాలుగా పెట్టి చూశాను. మడతల మీద ఒకే మందంలో, సమాంతరంగా, మెట్ల వరుసలా సన్నని గీతలు. పుట్టీ పనిలో వేలిముద్ర కనిపించవచ్చు, పనిముట్టు గీత కనిపించవచ్చు, ఇలాంటివి కనిపించవు. అవి త్రీడీ ప్రింటర్ పొరలు. వాటిని కప్పడానికి రంగు ఎంత దట్టంగా పూశారంటే, కవచం మీది రివెట్లు కూడా అందులో మునిగిపోయాయి. త్రీడీ ప్రింట్ అంటే నాకు చిన్నచూపేమీ లేదు, శ్రద్ధగా తీసిన ప్రింటు పోత రెజిన్‌కు తీసిపోదు. ప్రింటును చేతి శిల్పమని చెప్పి అమ్మడమే మోసం.

ఇక్కడితో ఆగినా సరిపెట్టుకునేవాణ్ణి. కొన్ని వారాలకు మృగం పొట్ట దగ్గర రంగు ఉబ్బింది, పగిలింది, జిడ్డుగా ఘాటైన వాసనతో ద్రవం కారింది. కారణం తెలిసిందే: మృగం కూడా పోత కాదు, ప్రింటే. కాంతి తగిలితే గట్టిపడే ద్రవ రెజిన్‌తో ఇలాంటి ప్రింట్లు తీస్తారు, ఆ రెజిన్ ఆదా కోసం లోపల బోలుగా ఉంచుతారు. అలా తీసినప్పుడు అడుగున రంధ్రాలు వదిలి, లోపలి ద్రవాన్ని వంపేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, లోపలికి కూడా అల్ట్రావయలెట్ కాంతి పట్టించాలి. ఇవేమీ చేయకుండా మూసేస్తే, గట్టిపడని రెజిన్ లోపలే ఉండి నెమ్మదిగా గోడలను పగలగొట్టుకుని బయటికొస్తుంది. అది చర్మానికి తగిలితే అలర్జీ రావచ్చు. ఫిర్యాదు చేస్తే అమ్మకందారు "ఎండ తగిలి ఉంటుంది" అన్నారు. ఎండలోని అల్ట్రావయలెట్‌కు ఈ రెజిన్ గట్టిపడుతుంది గానీ కరిగి కారదని తనే ప్రింటు తీసే మనిషికి తెలియదంటే నమ్మమంటారా?

ఏ పదార్థమో నిజం చెప్పమనడం చాదస్తం కాదు. పాలీస్టైరీన్ ప్లాస్టిక్‌ను కరిగించి అతికే సిమెంటు రెజిన్‌ను అతకదు. లోహపు బొమ్మ మీది రంగును ఊడదీసే ఎసిటోన్‌లో ప్లాస్టిక్ ముక్క వేస్తే ముద్దయిపోతుంది. అబద్ధపు వివరాలు నమ్మి బాగుచేయబోతే ఉన్నదీ పాడవుతుంది.

అందుకే అడగాల్సింది ఒకటే: ప్రైమర్ (రంగుకు ముందు వేసే తొలి పూత) వేయకముందు తీసిన ఫోటోలు. నిజంగా కన్వర్షన్ చేసినవారి దగ్గర అవి దాదాపు ఎప్పుడూ ఉంటాయి. బూడిదరంగు ప్లాస్టిక్, ఆకుపచ్చ పుట్టీ, పసుపు ఇత్తడి పక్కపక్కన కనిపించే దశ అది, పనితనమంతా అక్కడే తెలుస్తుంది, దాన్ని చూపించుకోవడం వాళ్లకు సరదా కూడా. "తీయడం మర్చిపోయాను" అంటే ఇంకొకరిని వెతుక్కోండి. రంగు వేసిన బొమ్మకైతే వెనుక నుంచి, కింది నుంచి, పక్క వెలుతురులో తీసిన ఫోటోలు అడగండి. నాకు చూపించినవన్నీ ఎదురుగా ఫ్లాష్ కొట్టి తీసినవే.

ఇప్పటికే మీ దగ్గర కారుతున్న బొమ్మ ఉంటే నైట్రైల్ చేతి తొడుగులు వేసుకుని, మిగతా బొమ్మలకు దూరంగా పెట్టండి. అడుగున రంధ్రం చేసి ద్రవాన్ని పాత డబ్బాలోకి వంపండి, సింకులో మాత్రం పోయకండి. ఆ ద్రవాన్నీ, తుడిచిన కాగితాలనూ ఎండలో పూర్తిగా గట్టిపడనిచ్చాకే చెత్తలో వేయండి.