హండ్రెడ్ పర్సెంట్ స్కాలర్‌షిప్ అంటే నమ్మి మునిగాను, మీరు జాగ్రత్త

నల్గొండ గడియారం సెంటర్ దగ్గర మెట్లెక్కి పోయే ఆ కన్సల్టెన్సీ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. పేరు బయట పెడితే కేసు వేస్తామని బెదిరించారు కాబట్టి రాయడం లేదు. గోడ నిండా పిల్లల ఫొటోలు, ఒక్కో ఫొటో కింద లక్షల్లో అంకెలు. నేను ఆ గోడ చూసే పడిపోయాను.

మా బిడ్డ ఇంటర్ హెచ్‌ఈసీ, వెయ్యికి 941. పొలిటికల్ సైన్స్ తప్ప ఇంకోటి చదవనంటుంది. ఎన్జీ కాలేజీలో బీఏ చేర్పిద్దాం అనుకుంటుండగా వీళ్ల ఫోన్. "లిబరల్ ఆర్ట్స్‌కు ఇప్పుడు మస్తు డిమాండ్ అన్నా, వేరే రాష్ట్రంల పెద్ద యూనివర్సిటీ, ఫీజు, హాస్టల్ అంతా స్కాలర్‌షిప్‌లనే" అన్నాడు. 18,500 కట్టాను. ఫోన్‌పే వద్దు, క్యాషే కావాలన్నాడు. అప్పుడైనా బుర్ర వెలగాలి కదా! మీసేవలో పది రూపాయలు ఎక్కువ తీసుకుంటే గొడవ పెట్టుకునే మనిషిని, అక్కడ వాళ్ల చాయ్ తాగి థాంక్స్ కూడా చెప్పి వచ్చాను.

రెండు నెలలు "ప్రాసెస్‌లో ఉంది" అన్నారు. ఈలోపు దోస్త్ (మన రాష్ట్రంలో డిగ్రీ సీట్ల ఆన్‌లైన్ అడ్మిషన్లు) విడతలు ఒక్కోటీ అయిపోయాయి. దోస్త్‌లో పెడితే ఇక్కడ క్యాన్సిల్ అవుతుందని అతనే ఆపాడు. చివరికి సీటు లెటర్ వచ్చింది. ఏడాదికి నాలుగు లక్షల పైచిలుకు ఫీజు, స్కాలర్‌షిప్ ఊసే లేదు. లాగిన్ వాళ్ల చేతిలో, ఓటీపీ వాళ్ల ఫోన్‌కి. మా బిడ్డే యూనివర్సిటీకి మెయిల్ పెట్టింది. మర్నాడే జవాబు: ఆర్థిక సహాయం ఫారం నింపనే లేదు, గడువు దాటిపోయింది. ఆ ఫారానికి ఫీజు ఒక్క రూపాయి కూడా లేదట.

సోమవారం బిడ్డను తీసుకుని పోయాను. మా ఫైల్ టేబుల్ మీదే ఉంది. ఆదాయం సర్టిఫికెట్‌కి నేను పెట్టిన క్లిప్పు కూడా తీయలేదు. ఫోన్‌లో నుంచి తల ఎత్తకుండానే అన్నాడు, "అన్నా, నువ్వే చెప్పు, బీఏ పిల్లకు పుణ్యానికి నాలుగు లక్షలు ఎవడిస్తడు? ఇంజనీరింగ్ అయితే ఏదన్న చూస్తుంటిమి."

రెండు నెలల కింద డిమాండ్ అన్నది ఈ నోరే. "మరి గోడ మీద వీళ్లంతా ఎవరు సార్?" అని అడిగింది మా బిడ్డ. "పెద్దోళ్లు మాట్లాడుతుంటే నువ్వు ఊకో అమ్మా" అన్నాడు. నేను రసీదు తీశాను. కార్బన్ కాపీ, సగం అక్షరాలు పడలేదు. అతను పెన్ను తీసి ఒక లైను కింద గీత గీసి నాకే చూపించాడు: డాక్యుమెంటేషన్ చార్జీలు, తిరిగి ఇవ్వబడవు. స్కాలర్‌షిప్ అన్న ముక్క ఎక్కడా లేదు. పెన్ను మూత పెట్టి మళ్లీ ఫోన్ చూసుకున్నాడు. నేను డిగ్రీ పాస్ అయినవాణ్ణే, రసీదు చదవడం మాత్రం ఆ రోజు అతనే నేర్పాడు.

ఇప్పుడు స్పాట్ అడ్మిషనే మిగిలింది, అంటే విడతలన్నీ అయ్యాక మిగిలిన సీట్లలో చేరడం. స్పాట్‌లో చేరితే ప్రభుత్వం ఈపాస్ ద్వారా ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదట. అంటే 18,500తో పాటు ఈపాస్ డబ్బులు కూడా నా తెలివికే పోయాయి.

ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నా. ఇంటర్‌లో మంచి పర్సంటైల్ వచ్చి, ఇంటి ఆదాయం నాలుగున్నర లక్షల లోపు ఉంటే కేంద్రం స్కాలర్‌షిప్ ఉంది, డిగ్రీ మూడేళ్లూ ఏడాదికి 12,000. బీఏ అయినా ఇస్తారు. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు ఉచితం. బెంగళూరు అజీం ప్రేమ్‌జీ యూనివర్సిటీ లాంటి చోట ఇంటి ఆదాయం చూసి ఫీజు మాఫీ చేస్తారు, అదీ వాళ్ల సైట్‌లోనే అడగాలి. ఎక్కడ పెట్టినా ఫోన్ నంబర్ మీదే ఉండాలి.

అక్కడ నాలాగే కట్టినవాళ్లు ఉంటే రసీదు ఫొటో తీసి పెట్టుకోండి. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు కలిసి పోదాం. డబ్బు కోసం కాదు, న్యాయం కోసం అని పెద్ద మాటలు చెప్పను. నాకు ఆ 18,500 కావాలి.