రేటు చూసిందెవరో అడగని సైటు

రొయ్యల రేట్లు, వడ్ల ధరలు చెప్పే సైట్లకూ యాప్‌లకూ మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో కొదవ లేదు. ఏది సరైన రేటు చెబుతుందన్నది రొయ్యల గుంటల గట్ల మీద రోజూ తేలే విషయమే గనుక ఈ సమీక్షలో ఆ జోలికి పోవడం లేదు. మన తీరంలోనే ఒక వ్యక్తి ఉద్యోగం చేసుకుంటూ, తీరిక వేళల్లో ఒంటిచేత్తో నడుపుతున్న ఒక చిన్న సైటు తన దగ్గరికి వచ్చినవారి వివరాలను ఏం చేస్తోంది, బ్రౌజర్‌లో ఉంచే చిన్న చీటీల్లాంటి కుకీలు ఎన్ని పెడుతోంది, ప్రకటనలు ఎలా చూపిస్తోంది అన్నంత వరకే రాస్తున్నాను. తన పేరూ సైటు పేరూ రాయవద్దని నిర్వాహకుడు కోరారు. గోప్యత గురించి రాయబోతూ ఆ ఒక్క కోరికనూ కాదనడం న్యాయం కాదు కాబట్టి పేర్లు రాయడం లేదు. సాయంత్రం పూట కౌంట్ల వారీగా రొయ్యల రేట్లూ, వాటి కిందనే పుట్టి లెక్కన వడ్ల ధరా ఇచ్చే సైటు అంటే రోజూ చూసేవారు పోల్చుకుంటారు. నేను కావలిలో ఒక మేత దుకాణంలో లెక్కలు రాస్తాను. మా దుకాణం ఆ సైటులో ప్రకటన ఇవ్వలేదన్న సంగతి కూడా ముందే చెప్పడం మంచిది.

రేట్లు చూడటంలో దాచుకోవలసిన రహస్యం ఏముంటుందని మా యజమానే నన్ను అడిగారు. రొయ్యల్లో యాభై కౌంట్ అంటే కిలోకు యాభై, అంటే ఒక్కొక్కటి ఇరవై గ్రాములు. వంద కౌంట్‌లో ఉన్నప్పుడు రైతు వారానికొకసారి రేటు చూస్తాడు; పట్టుబడి (రొయ్యలు పట్టే రోజు) దగ్గర పడే కొద్దీ పొద్దునా సాయంత్రమూ చూస్తాడు; గుంటలో తెల్లమచ్చ జబ్బు కనిపించిన రాత్రి మాత్రం ముందు జబ్బు గురించిన పేజీ చదివి, ఆ వెంటనే, ఇంకా పెరగవలసిన డెబ్బై కౌంట్‌కు రేపు ఎంత పలుకుతుందో చూస్తాడు. ఈ వరస తెలిసినవాడికి ఆ రైతుకు ఎంత తొందర ఉందో తెలిసినట్టే. బేరంలో తొందర బయటపడ్డవాడే దిగిరావాలి కనుక, మన దగ్గర గోప్యత అన్నది పరువుకు సంబంధించిన ముచ్చట కాదు, కిలోకు ఇన్ని రూపాయలని లెక్కగట్టగల సంగతి.

ఇది నాకు అనుభవం మీద తెలిసింది. అల్లూరు వైపు గుంటలు చేస్తున్న మా అన్న కోసం రెండేళ్ల క్రితం వేరే రేట్ల యాప్ ఒకటి వేశాను. ఫోన్ నంబరు, ఎకరాలు, సీడ్ (రొయ్య పిల్లలు) వదిలిన తేదీ రాస్తే తప్ప అది రేటు చూపించలేదు. రాశాను. రెండో రోజు నుంచి అన్నకు ముక్కూమొహం తెలియని ఏజెంట్లు ఫోన్ చేయడం మొదలుపెట్టారు. "అన్నా, యాభై కౌంట్ వచ్చేసుంటది గదా, ఎప్పుడు పడతావు?" అని ఒకడు అడిగిన తీరు చూసి, సీడ్ వదిలిన తేదీ నుంచి రోజులు లెక్కబెట్టుకునే చేశాడని మాకు అర్థమైంది. ఇక్కడ నేరం కుకీలది కాదు. నంబరు నా చేత్తో నేనే రాసి ఇచ్చాను. కానీ అప్పటి నుంచి ఏ సైటు తెరిచినా అది నా దగ్గర ఏం తీసుకుంటోందో చూడటం అలవాటైంది.

ఈ సైటును పరీక్షించడానికి దుకాణంలోని కంప్యూటర్‌లో క్రోమ్‌కు కొత్త ప్రొఫైల్ పెట్టి, ఎఫ్12 నొక్కితే వచ్చే పలకలో అప్లికేషన్ అనే భాగం తెరిచి, పేజీ మారినప్పుడల్లా కుకీల పట్టిక చూస్తూ వచ్చాను. రేట్ల పేజీ తెరిచినప్పుడు పట్టిక ఖాళీగా ఉంది. జిల్లా, కౌంట్ ఎంచుకున్నాక ఒకే ఒక కుకీ వచ్చింది. అందులో ఉన్నది నేను ఎంచుకున్న ఆ రెండు ముక్కలే. గడువు ముప్పై రోజులు. పేరు లేదు, నంబరు లేదు, నన్ను మరొకరి నుంచి వేరు చేసే పొడవాటి అంకె లేదు. అంగీకరిస్తారా అని అడ్డంగా లేచే పెట్టె కూడా ఆ పేజీలో లేదు. అడగవలసింది ఏమీ తీసుకోనప్పుడు పెట్టె అవసరం లేదన్నది నిర్వాహకుడి వాదన, నాకూ అది సబబుగానే తోచింది.

కుకీ అన్న మాట వినగానే బెదిరిపోయేవారి కోసం ఒక సంగతి. 1994లో నెట్‌స్కేప్ కంపెనీలో లూ మాంటుల్లి అనే ఇంజనీరు దీన్ని తయారు చేసింది ఎవరినో వెంబడించడానికి కాదు. సైటుకు జ్ఞాపకశక్తి ఉండదు. ఒక పేజీ నుంచి మరో పేజీకి వెళ్లిన మనిషి ఒకరేనని దానికి తెలియదు. ఆ గుర్తును సర్వర్‌లో కాకుండా చూసేవారి బ్రౌజర్‌లోనే చిన్న చీటీగా ఉంచితే ఆన్‌లైన్ దుకాణంలో బుట్ట నిలుస్తుందన్నది అప్పటి ఆలోచన. చిక్కు వచ్చింది మూడో పక్షం కుకీలతో, అంటే మనం తెరిచిన సైటు కాక, అందులో ప్రకటనల్లాంటివి పెట్టిన వేరే కంపెనీ వేసే కుకీలతో. మీ ఖాతా పుస్తకం మా మేత దుకాణంలో ఉండటం ఒకటి. కావలి నుంచి సింగరాయకొండ దాకా ప్రతి దుకాణం గుమ్మంలోనూ ఒకే కంపెనీ మనిషి కూర్చుని, మీరు ఎక్కడ ఏం కొన్నారో ఒకే పుస్తకంలో ఎక్కించడం మరొకటి. యాపిల్ వారి సఫారీ 2020 మార్చిలో ఆ రెండో రకాన్ని పూర్తిగా ఆపేసింది; ఫైర్‌ఫాక్స్ 2022 నుంచి ఏ సైటు కుకీలను ఆ సైటు డబ్బాలోనే బిగిస్తోంది. క్రోమ్ మాత్రం ఆపుతామని 2020లో ప్రకటించి, వాయిదాల మీద వాయిదాలు వేసి, 2024లో ఆ మాట వెనక్కి తీసుకుంది. మన దగ్గర చేతుల్లో ఉన్నవి ఎక్కువగా ఆండ్రాయిడ్ ఫోన్లు, వాటిలో క్రోమ్. కాబట్టి సెట్టింగ్స్‌లోకి వెళ్లి మూడో పక్షం కుకీలు ఆపుకోవడం ఇంకా మన పనే.

ఎంతమంది వచ్చారన్న లెక్క కోసం ఈ సైటు గూగుల్ అనలిటిక్స్ వాడటం లేదు. మటోమో అనే సాఫ్ట్‌వేర్‌ను తన సర్వర్‌లోనే పెట్టుకుని, దాన్ని కుకీలు లేకుండా నడుపుతూ, ఐపీ అడ్రసులో (ఇంటర్నెట్‌లో మన కనెక్షన్‌ను గుర్తించే అంకెలో) చివరి రెండు భాగాలు చెరిపేసి దాచుతున్నట్టు గోప్యత పేజీలో రాశారు. కుకీ రావడం లేదన్నది నేను చూసి నిర్ధారించుకున్నాను. ఐపీ చెరపడమూ, సర్వర్ లాగ్ (ఎవరు ఎప్పుడు వచ్చారో సర్వర్ రాసుకునే చిట్టా) పద్నాలుగు రోజులకు మించి ఉంచకపోవడమూ బయటి నుంచి సరిచూసుకోగలిగినవి కావు. అక్కడ ఆయన మాటే ఆధారం.

ప్రకటనల దగ్గర ఎక్కువసేపు ఆగాను, ఎందుకంటే ఇలాంటి సైటు నిలవాలన్నా చెడాలన్నా దారి అదే. రేట్ల పేజీలో రెండు ప్రకటనలు ఉన్నాయి: ఒకటి గుంట నీటికి గాలి అందించే ఏరేటర్ల మోటార్లకు వైండింగ్ చేసేవారిది, ఇంకొకటి ఐసు ఫ్యాక్టరీది. రెండూ సైటు సర్వర్‌లోనే ఉన్న మామూలు బొమ్మలు. ఒక్కోదాని పైనా "ప్రకటన" అని చదవగలిగే సైజులోనే రాసి ఉంది. నెలకు ఇంత అని మాట్లాడుకుని పెట్టించుకున్నవి. నెలాఖరులో ఇచ్చేవారికి వెళ్లేది ఎన్నిసార్లు చూపించారు, ఎన్నిసార్లు నొక్కారు అన్న రెండు అంకెలే. ఎవరు నొక్కారన్నది పంపే వీలు లేదు, ఆ సమాచారం సైటు దగ్గరే లేదు కనుక. మా చిన్నప్పుడు కావలి బస్టాండు గోడ మీద ప్రకటన రాయించేవారు; చదివినవారి పేర్లు గోడ రాసుకునేది కాదు, అయినా వ్యాపారం జరిగేది.

జబ్బులు, మేత యాజమాన్యం గురించిన వ్యాసాల పేజీలు మాత్రం వేరు. వ్యాసం చివర గూగుల్ యాడ్‌సెన్స్ (సైట్లకు గూగుల్ తెచ్చిపెట్టే ప్రకటనల సేవ) ప్రకటన ఒకటి ఉంది. ఆ పేజీ తెరవగానే మాత్రం అనుమతి అడిగే పెట్టె వచ్చింది. అందులో "వద్దు" అన్న మీట "సరే" అన్నదాని పక్కనే, అదే పరిమాణంలో, అదే రంగులో ఉంది. పెద్ద పెద్ద వార్తా సైట్లలో "వద్దు" అన్నది మూడో తెరలో, బూడిద రంగు అక్షరాల్లో దాక్కోవడం చూసి విసిగిన నాకు ఈ ఒక్క పనికే ఆయనకు దండం పెట్టాలనిపించింది. "వద్దు" నొక్కితే ప్రకటన అసలు రాలేదు, పట్టికలో కొత్త కుకీ పడలేదు. "సరే" నొక్కితే గూగుల్ ప్రకటనల సంస్థ డబుల్‌క్లిక్ పేరుతో కుకీలు వచ్చాయి. చూసేవారి అభిరుచులను బట్టి కాక, పేజీలోని విషయాన్ని బట్టి వచ్చే ప్రకటనలనే ఆయన ఎంచుకున్నారు. వాటికి సాధారణంగా డబ్బు తక్కువే వస్తుంది, అయినా ఆ దారికే వెళ్లారు.

తప్పు దొరికిందీ ఇక్కడే. "మేము చూపే గూగుల్ ప్రకటనలు వ్యక్తిగతం కానివి, కాబట్టి వాటిలో కుకీలు ఉండవు" అని గోప్యత పేజీలో రాసి ఉంది. అది నిజం కాదు. వ్యక్తిగతం కాని ప్రకటనలకు కూడా, ఒకరికి అదే ప్రకటన ఎన్నిసార్లు చూపాలో లెక్క పెట్టడానికీ, దొంగ క్లిక్కులు పట్టుకోవడానికీ, మొత్తం లెక్కలు తేల్చడానికీ కుకీలు వాడతామని గూగుల్ తన నిబంధనల్లోనే చెబుతుంది. నేను ఈ సంగతి రాసి పంపిన మూడో రోజున ఆ వాక్యం మారింది. పాతదాన్ని మాయం చేయకుండా, కొట్టివేసిన గీతతో అలాగే ఉంచి, కింద కొత్త వాక్యం రాసి తేదీ వేశారు. పొరపాటు దిద్దుకున్న జాడ కూడా పాఠకుడికి కనపడాలనుకోవడం నాకు నచ్చింది.

ఆ గోప్యత పేజీ గురించి కూడా చెప్పాలి. యాడ్‌సెన్స్ పెట్టుకున్న ప్రతి సైటుకూ ఇలాంటి పేజీ తప్పనిసరి గనుక, మన దగ్గర చిన్న సైట్లలో చాలావరకు ఎక్కడో తయారైన ఇంగ్లీషు పాఠాన్ని ఎత్తి అతికిస్తారు. గూగుల్ డబుల్‌క్లిక్‌ను కొన్నది 2008లో; ఆ కాలంలో డబుల్‌క్లిక్ వాడిన డార్ట్ అనే కుకీ ప్రస్తావన ఇప్పటికీ ఆ అతుకుల్లో కనిపిస్తుంటుంది, కింద ఒంగోలు చిరునామా ఉంటుంది. ఈ సైటు పేజీ మాత్రం ఏడు పేరాల తెలుగు. మా అన్న చదివి అర్థం చేసుకోగలిగాడు. ఒక్క మటోమో దగ్గర ఆగి, అదేదో మందు పేరనుకున్నాడు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం సమ్మతి అడిగే నోటీసును ఇంగ్లీషులో గానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలో గానీ చదువుకునే వీలు కల్పించాలి. సమ్మతి ఇవ్వడం ఎంత సులువో వెనక్కి తీసుకోవడమూ అంతే సులువుగా ఉండాలి. ఆ చట్టానికి నియమాలు వెలువడింది 2025 నవంబరులో, ముఖ్యమైన బాధ్యతలకు గడువు ఇంకా ఉంది. గడువు ఒత్తిడి లేకుండానే తెలుగులో రాసిన ఈయన, రెండో షరతు దగ్గర మాత్రం తడబడ్డారు: ఒకసారి "సరే" నొక్కినవారు మనసు మార్చుకోవాలంటే మీట ఎక్కడా లేదు, బ్రౌజర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి కుకీలు తుడుచుకోవలసిందే. పేజీ అడుగున ఒక లింకు పెడితే సరిపోతుంది.

యూట్యూబ్ వీడియోలది చిన్న లోపం. తెల్లమచ్చ వ్యాసంలో వీడియోను మామూలు పద్ధతిలో అతికించారు. యూట్యూబ్‌కే నో-కుకీ అనే వేరే చిరునామా ఉంది. అతికించే లింకులో ఆ ఒక్క ముక్క మారిస్తే వీడియో నొక్కేదాకా చూసేవారి జాడ తగ్గుతుంది. జబ్బు గురించిన పేజీ కాబట్టే ఇది ముందు చేయాల్సిన పని.

పెద్ద లోపం మాత్రం వేరే చోట ఉంది, దాన్ని ఎఫ్12 పలక పట్టుకోలేదు. రేట్ల పట్టిక కిందే ఆకుపచ్చ మీట ఒకటి ఉంది, "రేట్లు మీ వాట్సాప్‌కే" అని. అది మామూలు లింకే, కుకీ ఏదీ పెట్టదు. నొక్కితే ఒక వాట్సాప్ గ్రూపులో చేరతాం. గ్రూపు అంటే అందులో ఉన్న ప్రతివారికీ మన నంబరు కనిపిస్తుంది. పేరు పెట్టుకుని ఉంటే పేరు, ఫొటో పెట్టుకుని ఉంటే గుంట గట్టు మీద నిలబడ్డ ఫొటో కూడా. నేను చేరిన రోజున సభ్యుల పట్టికలో కిందికి పోతూ ఉంటే, రెండేళ్ల క్రితం మా అన్నకు ఫోన్ చేసిన నంబర్లలో ఒకటి అక్కడ కనిపించింది. అది చూశాక ఐపీ అడ్రసులో రెండు భాగాలు చెరిపేసిన జాగ్రత్త అంతా నాకు ముందు వాకిలికి తాళం వేసి పెరటి తలుపు తీసిపెట్టినట్టు అనిపించింది. నంబర్లు ఒకరివి ఒకరికి కనపడని వాట్సాప్ ఛానెల్ 2023 నుంచి మన దేశంలో అందుబాటులో ఉంది. రేట్లు పంపడానికి అదే సరిగ్గా సరిపోతుంది, ఎందుకంటే రేట్లు ఒకవైపు నుంచే వెళ్లాలి.

ఇదీ రాసి పంపాను. గ్రూపులో రైతులు ఒకరినొకరు సలహాలు అడుగుతారనీ, ఛానెల్ అయితే ఆ మాట్లాడుకోవడం పోతుందనీ ఆయన జవాబు ఇచ్చారు. అందులో నిజం లేకపోలేదు. ఏరేటర్ ఆగిపోయిన అర్ధరాత్రి పక్క ఊరి రైతు ఆ గ్రూపులోనే దొరకవచ్చు. అలాంటప్పుడు రేట్లకు ఛానెల్, మాటలకు గ్రూపు అని రెండు మీటలు పెట్టి, రెండోదాని పక్కన "మీ నంబరు అందరికీ కనిపిస్తుంది" అని ఒక్క వరస రాయమన్నాను. ఆలోచిస్తానన్నారు. ఈ సమీక్ష రాసే సాయంత్రానికి ఆకుపచ్చ మీట ఇంకా ఒక్కటే ఉంది. నేను గ్రూపులోంచి బయటికి వచ్చేశాను, అన్న ఫోన్‌లో రేట్ల పేజీని హోమ్ స్క్రీన్ మీద పెట్టి ఇచ్చాను. పొద్దునే టీ తాగుతూ యాభై కౌంట్ చూసుకుంటున్నాడు, ఇప్పటిదాకా దాని గురించి అతనికి ఎవరూ ఫోన్ చేయలేదు.