ఎదురుగాలిలో పది కిలోమీటర్లు: విశాఖలో ఒక రన్నింగ్ క్లబ్బు శిక్షణపై సమీక్ష

విశాఖపట్నం బీచ్ రోడ్డులో శిక్షణ ఇచ్చే ఒక రన్నింగ్ క్లబ్బులో నేను ఏడు నెలలుగా సభ్యురాలిని. నెలకు 800 రూపాయల రుసుముకు వారు వారంలో మూడు రోజులు కోచ్ సమక్షంలో పరుగు నేర్పుతారు, మిగిలిన రోజులకు ఏం చేయాలో ఆదివారం రాత్రి వాట్సాప్‌లో పంపుతారు, మూడు నెలలకొకసారి సభ్యులకు 10 కిలోమీటర్ల పందెం పెడతారు. జూలైలో జరిగిన పందెం, దానికి ముందు వారం శిక్షణ చూసి ఈ సమీక్ష రాస్తున్నాను. నా లక్ష్యం 60 నిమిషాలు, అంటే కిలోమీటరుకు ఆరు నిమిషాలు. మా క్లబ్బులో ఇది మూడో జట్టు వేగం, అందరికంటే వెనక పరిగెత్తేవారి వేగం.

శిక్షణ విషయంలో నాకు ఫిర్యాదు లేదు. మామూలు వారాల్లో మంగళవారం విశ్వవిద్యాలయ మైదానంలో 800 మీటర్ల ఇంటర్వెల్స్ (వేగంగా పరిగెత్తే విడతలు) ఆరు చేయిస్తారు, పందెం వారం కనుక వాటిని నాలుగుకు తగ్గించారు. ఒక్కోదాని తర్వాత రెండు నిమిషాలు మెల్లగా జాగింగ్. బుధవారం ఐదు కిలోమీటర్ల ఈజీ రన్, పక్కవారితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగే వేగానికి మించకూడదన్నది నియమం. గురువారం ఇరవై నిమిషాల టెంపో, అంటే కాస్త కష్టంగా ఉన్నా చివరిదాకా నిలుపుకోగల వేగంతో ఆగకుండా పరుగు. సోమ, శుక్రవారాలు విశ్రాంతి. శనివారం మూడు కిలోమీటర్లు మెల్లగా పరిగెత్తి, చివర్లో వంద మీటర్ల చొప్పున నాలుగుసార్లు వేగం పెంచితే చాలన్నారు. పందెం ముందు దూరం తగ్గించి, కాళ్లకు వేగం మాత్రం మరచిపోకుండా చూసే ఈ పద్ధతి వల్ల ఆదివారం నేను తాజా కాళ్లతో నిలబడగలిగాను. సొంతంగా సాధన చేసిన రోజుల్లో పందెం ముందు రోజు కూడా భయంతో పదేసి కిలోమీటర్లు పరిగెత్తి అలసిపోయేదాన్ని.

ముఖ్యంగా మెచ్చుకోవలసింది గురువారం పాఠం. ఆ రోజే నైరుతి గాలి బలంగా ఉంది. టెంపోలో నా వేగం పడిపోతుంటే కోచ్ గారు సైకిల్ మీద పక్కకు వచ్చి, "వాచీ వదిలేయండి మేడమ్, ఊపిరి చూసుకోండి" అన్నారు. గాలి ఉన్న రోజున కిలోమీటరు లెక్క అబద్ధం చెబుతుందని, శ్రమ ఒకే తీరుగా ఉందో లేదో చూసుకోవాలని ఆయన ఓపికగా వివరించారు. ఇంత విలువైన మాట విని కూడా ఆదివారం నేను దాన్ని పాటించలేదు.

పందెం ఆర్కే బీచ్ కాళీమాత గుడి దగ్గర మొదలై, తెన్నేటి పార్కు వైపు ఐదు కిలోమీటర్లు వెళ్లి, అదే దారిన తిరిగి వస్తుంది. మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది కనుక వర్షాకాలంలో ఈ దారిన వెళ్లేటప్పుడు గాలి వీపున ఉంటుంది, వచ్చేటప్పుడు ముఖాన కొడుతుంది. బంగాళాఖాతంలో అల్పపీడనం ఉన్న రోజులవి, గాలి గంటకు 20 కిలోమీటర్ల దాకా ఉందని నిర్వాహకులు ముందే ప్రకటించారు. మొదటి ఐదు కిలోమీటర్లు 28 నిమిషాల 20 సెకన్లలో పూర్తయ్యాయి. గాలి ముఖానికి తగలకపోవడంతో అది గాలి ఇచ్చిన వేగమని తోచలేదు, ఏడు నెలల సాధన ఫలించిందనే అనుకున్నాను.

మలుపు తిరగగానే ఇసుక కళ్లలో పడింది. ఆరో కిలోమీటరుకు 6 నిమిషాల 50 సెకన్లు, ఏడుకు 7:05, ఎనిమిదికి 7:10 పట్టింది. లెక్క వేసుకుంటే ఇందులో వింత లేదు. గాలి నిరోధం ఎదురయ్యే గాలి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది, వేగం రెట్టింపైతే నిరోధం నాలుగు రెట్లవుతుంది. గంటకు పది కిలోమీటర్ల వేగంతో పరిగెత్తే మనిషికి ఇరవై కిలోమీటర్ల ఎదురుగాలి తోడైతే ముఖానికి తగిలే గాలి ముప్ఫై అవుతుంది, అంటే నిశ్చలమైన గాలిలో కంటే తొమ్మిది రెట్ల నిరోధం.

తొమ్మిదో కిలోమీటరు మొదట్లో మా క్లబ్బు కుర్రవాడొకరు పక్కకు వచ్చి, "అక్కా, నా వెనకాలే రండి" అన్నాడు. అతని వీపుకు ఒక మీటరు దూరంలో పరిగెత్తాను. చివరి రెండు కిలోమీటర్లకు 6:25, 6:20 పట్టాయి. మొత్తం 62 నిమిషాల 10 సెకన్లు.

నా విమర్శ ఇక్కడే. 1953 ఎవరెస్టు యాత్రలో శరీరధర్మ శాస్త్రవేత్తగా పాల్గొన్న గ్రిఫిత్ ప్యూ, మధ్యదూరపు పరుగు వేగంలో మరొకరి వెనక మీటరు దూరంలో ఉంటే గాలిని తోసుకుపోయే శ్రమ ఎనభై శాతం దాకా తగ్గుతుందని 1971లోనే ప్రచురించారు. ఈ సంగతి మా కోచ్ గారికి తెలుసు. శనివారం ఆయన 2018 బోస్టన్ మారథాన్ గురించి చెప్పారు. ఎదురుగాలి, వాన నడుమ డెజిరే లిండెన్ మొదట, వెనకబడిన తోటి రన్నర్ షలేన్ ఫ్లానగన్ కోసం వేగం తగ్గించి, ఆమెను మళ్లీ గుంపులో కలిపి, చివరికి తానే 2 గంటల 39 నిమిషాల 54 సెకన్లలో గెలిచిన వైనం అందరం శ్రద్ధగా విన్నాం. కానీ గుంపుగా, వంతులవారీగా ముందుకు వచ్చి పరిగెత్తే సాధన మొదటి జట్టుకు మాత్రమే చేయించారు. పందెంలో పేసర్లు (అనుకున్న సమయానికి ముగిసే వేగంతో ముందు పరిగెత్తి దారి చూపేవారు) కూడా 50 నిమిషాల వారికే ఉన్నారు. నిదానంగా పరిగెత్తేవారికి గాలితో పని లేదనుకోవడం పొరపాటు. అదే గాలిలో వారికంటే మేము పది, పన్నెండు నిమిషాలు ఎక్కువ సేపు ఉంటాం, అదీ ఒక్కొక్కరం విడివిడిగా. నా ముందు నూరు మీటర్లలో ఒకామె, వెనక నూరు మీటర్లలో ఇద్దరు, అందరం ఒకే వేగంతో ఒంటరిగా ఆ గాలిని మోశాం. ఒక్క మాట ముందే చెప్పి ఉంటే నలుగురం కలిసి వచ్చేవాళ్లం.

మిగతా ఏర్పాట్లు బాగున్నాయి. పందెం సమయానికి మొదలైంది. గాలికి పడిపోకుండా గాలి నింపిన తోరణాన్ని ముందే దించేశారు. నీళ్ల బల్లల దగ్గర ఖాళీ కాగితపు గ్లాసులు రోడ్డంతా ఎగిరాయి, అయినా సముద్రంలోకి పోకుండా కార్యకర్తలు వెంటపడి ఏరారు.

కొత్తగా పరుగు మొదలుపెట్టినవారికి, సొంత సాధనలో ఎదుగుదల ఆగిపోయినవారికి ఈ క్లబ్బు రుసుముకు తగినదేనని నిస్సంకోచంగా చెబుతాను. నేను మరో మూడు నెలలకు డబ్బు కట్టాను. గురువారం టెంపోలో మూడో జట్టును కూడా నలుగురేసి గుంపులుగా పరిగెత్తించాలని, వచ్చే పందెంలో 60 నిమిషాలకు, 65 నిమిషాలకు ఒక్కొక్క పేసర్‌ను పెట్టాలని కోచ్ గారికి రాసి ఇచ్చాను. ఆ పేసర్లలో ఒకరిగా ఉండడానికి నా పేరు కూడా అందులోనే చేర్చాను.