నీడిల్స్ బల్లకట్టు: హైవే 6 నీటి మీద సాగే ఐదు నిమిషాలు

కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో వెర్నన్ నుంచి తూర్పుగా బయలుదేరిన హైవే 6 మొనాషీ కనుమ దాటి, అడవి మధ్య మలుపులు తిరుగుతూ దిగివచ్చి, నీడిల్స్ దగ్గర లోయర్ ఆరో సరస్సు ఒడ్డున ఆగిపోతుంది. అవతలి గట్టున ఫోకియర్ దగ్గర అదే రోడ్డు మళ్లీ మొదలవుతుంది. మధ్యలో ఉన్న సుమారు ఒక కిలోమీటరు నీటిని వాహనాలతో సహా దాటించేది ఈ బల్లకట్టే. ప్రభుత్వం దీన్ని రోడ్డులో ఒక ముక్కగానే లెక్కిస్తుంది కనుక టికెట్టు లేదు. విహారనౌక అనుకుని వెళ్లినవారికి ఐదు నిమిషాల్లోనే ముగిసిపోయిందే అనిపించవచ్చు గానీ, రోడ్డుగా చూస్తే దీనికి పూర్తి మార్కులు ఇవ్వకుండా ఉండలేను.

ఒకేసారి 40 వాహనాల వరకు ఎక్కించుకునే ఈ బల్లకట్టుకు దారి చూపేది చుక్కాని కాదు, ఒడ్డు నుంచి ఒడ్డుకు వేసిన ఉక్కు మోకులు. కారు అద్దం దించి పక్కకు చూస్తే, అప్పటిదాకా నీటి అడుగున మునిగి ఉన్న మోకు ముందువైపు నల్లగా, నిగనిగలాడుతూ పైకి లేచి, నీళ్లు కారుస్తూ కప్పీల మీదుగా సాగి, వెనకవైపు మళ్లీ సరస్సులోకి జారిపోవడం కనిపిస్తుంది. పిల్లలకు తప్పకుండా చూపించవలసిన దృశ్యమిది.

ఆ నీటి కింద ఏముందో తెలిసి దాటడం వేరు. 1961లో కెనడా, అమెరికా కుదుర్చుకున్న కొలంబియా నదీ ఒప్పందం ప్రకారం కాసిల్‌గార్ పట్టణానికి ఎగువన కట్టిన ఆనకట్ట 1968లో పూర్తయ్యాక, ఈ లోయలోని పొలాలు, తోటలు, ఇళ్లు మునిగిపోయి, సుమారు 2000 మంది చెల్లాచెదురయ్యారు. నీడిల్స్ అనే ఊరు కూడా అలాగే పోయింది, రేవుకు పేరు మాత్రం మిగిలింది. నాకైతే ఆ పేరు రాసిన బోర్డు చూసినప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది. జలాశయం కావడంతో నీటిమట్టం దాదాపు 20 మీటర్ల మేర ఎక్కుతూ దిగుతూ ఉంటుంది, బల్లకట్టు మాత్రం ఏ మట్టంలోనైనా దరి చేరవలసిందే.

పగలు అరగంటకొకసారి నడుస్తుంది, రాత్రివేళ మాత్రం వాహనం వచ్చినప్పుడే కదులుతుంది. నీడిల్స్ వైపు కాలక్షేపానికి ఏమీ లేదు కాబట్టి తాగునీళ్లు, తినుబండారాలు ముందే దగ్గర పెట్టుకోవడం మంచిది. మరమ్మతుల కోసం ఆపినప్పుడు ఉత్తరంగా రెవెల్‌స్టోక్ మీదుగా చుట్టూ తిరిగి, షెల్టర్ బే దగ్గర ఇంకో ఫెర్రీ ఎక్కి రావాలి, అందుకు గంటల సమయం పడుతుంది. కనుక వెర్నన్ వదలకముందే రోడ్ల సమాచారం ఒకసారి చూసుకోవాలి.