నాటా, వెదా, పైపా: బోరు కింద వరికి ఏది మేలు?

నేనుండేది అత్తాపూర్‌లో. చేవెళ్ల దగ్గర ఉన్న నాలుగెకరాలు మా బావ చూసుకుంటాడు. మార్చి వచ్చిందంటే ఫోన్లో ఒకటే మాట: "బోరు ఆగాగి పోస్తున్నది, బామ్మర్దీ."

దమ్ము చేసి నాటేయడం అందరికీ తెలిసిందే. నిలవ నీళ్లు కలుపును అణచిపెడతాయి. తంటా కూడా ఆ నీళ్లతోనే. గాలాడని బురదలో సూక్ష్మజీవులు మీథేన్ పుట్టిస్తాయి. వందేళ్ల లెక్కన అది కార్బన్ డయాక్సైడ్ కన్నా సుమారు 27 రెట్లు వేడి పెంచుతుంది. నాటుకు కూలీలు దొరకడం ఇంకో టెన్షన్.

పొడి దుక్కిలో విత్తనాలు నేరుగా వెదపెడితే నారుమడి ఉండదు, నాటు కూలి ఉండదు, మీథేన్ తగ్గుతుంది, పంట వారం పది రోజులు ముందే చేతికొస్తుంది. మేమూ ఒక ఎకరంలో వేశాం. వానకు కలుపు మందు రెండు రోజులు ఆలస్యమైంది, అంతే. ఇరవయ్యో రోజుకు వరి ఏదో ఊద కలుపు ఏదో తెలియలేదు. ఆకు మొదట్లో వరికి పల్చటి తెల్లపొర ఉంటుంది, ఊదకు ఉండదు. ఒక్కో మొక్కా వంగి చూస్తూ పోతే ఎకరం ఎప్పటికి తేలాలి?

మూడోది నాటు వేసి, మధ్యమధ్య ఆరబెట్టడం. అడుగు పొడవు ప్లాస్టిక్ పైపుకు కింది భాగంలో రంధ్రాలు చేసి మడిలో దించాలి. మొదటి రెండు వారాలు నీళ్లు నిలపాలి. తర్వాత పైపులో నీళ్లు నేలమట్టం కన్నా 15 సెంటీమీటర్లు దిగితేనే మోటారు వేయాలి. పూత దశలో మాత్రం ఆరనివ్వకూడదు. మడి పైన ఆరిపోయేసరికి బావ కంగారుపడ్డాడు. పైపులో పుల్ల దించి చూస్తే బెత్తెడు లోతులోనే తడి! ఇలా చేస్తే మీథేన్ మూడో వంతు నుంచి సగం దాకా తగ్గుతుందని ప్రయోగాల్లో తేలింది. యూరియా మాత్రం అతిగా చల్లొద్దు, ఆరుతూ తడిసే నేలలో నైట్రస్ ఆక్సైడ్ పెరుగుతుంది, అదీ వేడి పెంచే వాయువే.

కరెంటు ఉచితం కాబట్టి నీళ్లు ఆదా చేసినా చేతికి రూపాయి రాదు. కానీ బోరు ఇంకో ఇరవై రోజులు పోస్తే యాసంగి గట్టెక్కినట్టే.

జొన్న వేస్తే ఈ గొడవే లేదు. వడ్లకున్నంత కొనుగోలు ధీమా దానికి లేదు, బావ వినడు.

నన్నడిగితే యాసంగికి నాటూ పైపూ. వెద వానాకాలంలో, అదీ పొలం దగ్గరే ఉండేవాళ్లకు. వారానికోసారి సిటీ నుంచి వెళ్లే నాలాంటివాళ్లు దాని జోలికి పోకపోవడమే నయం. ఈసారి బావ మడికో పైపు దించాడు. పొద్దున్నే పుల్ల ఫొటో వాట్సాప్‌లో పెడుతున్నాడు.