పొరల మధ్య పట్టు: వైబీసీఓ, బిస్కో-2212 అతివాహకాల్లో సుడుల నడత

వైబీసీఓ (ఇట్రియం బేరియం కాపర్ ఆక్సైడ్), బిస్కో-2212 (బిస్మత్ స్ట్రాన్షియం కాల్షియం కాపర్ ఆక్సైడ్) రెండూ అతివాహకాలు, అంటే తగినంత చలిలో విద్యుత్తును నిరోధం లేకుండా ప్రవహించనిచ్చే పదార్థాలు. రెండింటిలోనూ అయస్కాంత క్షేత్రం సన్నని సుడుల రూపంలోనే, అంటే చుట్టూ విద్యుత్ ప్రవాహం తిరిగే సన్నని గొట్టాల్లా, చొరబడుతుంది. ఒక్కో సుడి మోసే అభివాహం (దాని గుండా పోయే అయస్కాంత క్షేత్రపు మొత్తం) 2.07×10⁻¹⁵ వెబర్లు, అందులో తేడా ఏమీ లేదు. తేడా అంతా కాపర్ ఆక్సైడ్ పొరల మధ్య పట్టులో ఉంది. సుమారు 92 కెల్విన్ల వద్ద అతివాహకమయ్యే వైబీసీఓలో ఆ పట్టు గట్టిది కాబట్టి, సుడి కాస్త వంగగల తీగలా నిలుస్తుంది. దాన్ని ఒకచోట స్ఫటికంలోని లోపంతో బంధిస్తే మిగతా భాగమూ చాలావరకు ఆగుతుంది.

బిస్కో-2212లో దాదాపు 1.5 నానోమీటర్ల ఎడంతో ఉన్న పొరల జంటలు ఒకదాన్నొకటి అంతంతమాత్రంగానే పట్టించుకుంటాయి. అందువల్ల సుడి ఒక్కో పొరలో ఒక్కో బిళ్ళగా విడిపోతుంది. వీటికి పాన్‌కేక్ సుడులని పేరు. నాకు మాత్రం నాణేల దొంతర అన్న పోలికే నప్పుతుందనిపిస్తుంది, ఎందుకంటే ఒక నాణేన్ని వేలితో నొక్కిపెట్టినా పైనున్నది పక్కకు జారిపోతుంది. సుడుల జాలకం, అంటే వాటి క్రమమైన అమరిక, కరిగి సుడులు కదలడం మొదలైతే విద్యుత్ నిరోధం తిరిగి కనిపిస్తుంది. ద్రవ నైట్రోజన్ ఉష్ణోగ్రత అయిన 77 కెల్విన్ల వద్ద ఈ ఇబ్బంది వైబీసీఓకు కొన్ని టెస్లాల క్షేత్రంలో ఎదురైతే, బిస్కో-2212కు టెస్లాలో కొద్ది భాగానికే ఎదురవుతుంది.

కనుక ద్రవ నైట్రోజన్‌లో బలమైన క్షేత్రం కావాలంటే వైబీసీఓనే ఎంచుకోవాలి. ద్రవ హీలియం చలిలో ఉష్ణ కదలిక అణిగిపోతుంది కాబట్టి, గుండ్రని తీగగా తయారుచేయగలిగిన బిస్కో-2212 అక్కడ గట్టి పోటీదారే.