ఎత్తు చూపే చేతి జీపీఎస్: కొన్నేళ్లు వాడిన తర్వాత

ఈ పరికరం దారి చూపుతుందా లేదా అన్న విషయం మీద నేను చెప్పవలసినది పెద్దగా లేదు. చూపుతుంది, వానలో తడిసినా చూపుతుంది. నా ఇష్టమూ, నా అలకా రెండూ దాని తెర మూలన కనిపించే ఒక్క అంకె మీదనే. సముద్రమట్టానికి మనం ఎంత ఎత్తున ఉన్నామో చెప్పే అంకె అది. మోకాళ్లు మొరాయించే వయసులో అనంతగిరి, పాడేరు కొండలు ఎక్కేవాడికి ఇంకా ఎంత దూరం ఉందన్నదానికన్నా ఇంకా ఎంత ఎక్కాలన్నదే అసలు ప్రశ్న.

కొన్న కొత్తలో నేను దీనికి దాసోహం కావడానికి కారణం ఆర్కే బీచ్. అక్కడి ఇసుకలో నిలబడి ఫోన్‌లో ఒక యాప్ తెరిస్తే, నేను సున్నాకు అరవై, డెబ్బై మీటర్ల దిగువన ఉన్నట్టు చూపింది. ఈ పరికరం మాత్రం బుద్ధిగా మూడో నాలుగో మీటర్లు చూపింది. అలాగని ఫోన్ చెప్పినది అబద్ధమేమీ కాదు. ఉపగ్రహాల లెక్కలో ఎత్తును కొలిచేది భూమి ఆకారానికి దగ్గరగా గణితం గీసిన నున్నటి దీర్ఘగోళం నుంచి. నిజమైన సముద్రమట్టమేమో గురుత్వాకర్షణ హెచ్చుతగ్గులను బట్టి ఆ గోళానికి కొన్నిచోట్ల పైన, కొన్నిచోట్ల కింద ఉంటుంది. శ్రీలంకకు దక్షిణాన హిందూ మహాసముద్రంలో ఈ లోటు 100 మీటర్లు దాటుతుంది, ఆ పల్లం ప్రభావం మన తీరం దాకా వ్యాపించి ఉంది. మంచి పరికరాలు ఏ ప్రాంతంలో ఎంత తేడా ఉందో లోపల పట్టికగా పెట్టుకుని, సరిచేసిన అంకెనే చూపుతాయి. అందుకే కొనబోయేవారు దుకాణంలో కాక, వీలుంటే సముద్రపు ఒడ్డున ఒకసారి పరీక్షించి చూడాలని నా సలహా.

అయితే ఆ మెప్పును ఇప్పుడు కొంచెం తగ్గించుకోవలసి ఉంది. ఉపగ్రహాలతో ఎత్తు తేల్చడం మొదటి నుంచీ కష్టమైన పనే. 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే జీపీఎస్ ఉపగ్రహం నుంచి సంకేతం మన దాకా రావడానికి పట్టిన కాలాన్ని బట్టి దూరం కడతారు. ఒక్క మైక్రోసెకను తప్పితే 300 మీటర్లు తప్పుతుంది. పరికరంలోని చవక గడియారం తప్పును కూడా తేల్చాలి కనుక కనీసం నాలుగు ఉపగ్రహాలు కావాలి. నాలుగు దిక్కులా ఉపగ్రహాలు దొరుకుతాయి కాబట్టి అటూ ఇటూ వచ్చే తప్పులు చాలావరకు సర్దుకుంటాయి. కాళ్ల కింద మాత్రం ఒక్కటీ దొరకదు, అటువైపు భూమి అడ్డం. ఈ లోటు పూడ్చడానికే తయారీదారులు ఇందులో, పైకి ఎక్కేకొద్దీ తగ్గే గాలి పీడనాన్ని కొలిచే బారోమీటరు కూడా పెట్టారు. మేడ మెట్లు ఎక్కుతుంటే అంకె మనతోపాటే ఎక్కుతుంది; ఆ ముచ్చట ఫోన్‌లో చాలా కాలం నాకు దొరకలేదు.

కథ అడ్డం తిరిగింది బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడి ఒడిశా వైపు కదులుతున్న రోజున. రాత్రి ఇంట్లో సరిచేసి పెట్టిన అంకె, పరికరం బల్ల మీద నుంచి కదలకుండానే, తెల్లారేసరికి అరవై మీటర్లు పెరిగింది. వాన ఇంకా మొదలు కాలేదు కనుక నేను అలాగే కిరండూల్ రైలెక్కాను. శిమిలిగుడ స్టేషన్‌లో పసుపు బోర్డు మీద 996.32 మీటర్లని రాసి ఉంది, నా తెర మీద 1,060 దాటి ఉంది. ఎదుటి సీట్లోని కుర్రవాడు రెండింటినీ మార్చి మార్చి చూసి, "మీ మిషన్ కన్నా ఈ బోర్డే నయం గురువుగారూ" అన్నాడు. కాదనడానికి నా దగ్గర ఏమీ లేదు.

పీడనం ఒక హెక్టోపాస్కల్ తగ్గితే సుమారు 8 మీటర్లు పైకి ఎక్కినట్టే ఈ పరికరం లెక్క. తగ్గింది కొండ ఎక్కినందువల్లనా, వాయుగుండం వల్లనా అన్నది బారోమీటరుకు తెలియదు. ఆ తేడా కనిపెట్టడానికి ఉపగ్రహాల లెక్కలో తేలిన మన ఎత్తుతో పోల్చి సరిచేసుకునే ఏర్పాటు లోపల ఉంది. కంపెనీవారు పంపిన కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించిన తర్వాత అది తనంతట తానే ఆగిపోయింది. సర్వీసు కేంద్రానికి ఫోన్ చేస్తే, అది లోపం కాదు, సెట్టింగ్ అన్నారు. ఏటా తుపాన్లు తాకే తీరంలో అమ్మే వస్తువుకు ఆ సెట్టింగ్‌ను నాలుగు మెనూల అడుగున దాచడం ఏ రకమైన తెలివో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

దాన్ని మళ్లీ ఆన్ చేశాక పరికరం దారికి వచ్చింది, కానీ పూర్తిగా కాదు. తెరిపి ఆకాశం కింద కాసేపు ఉంచితేనే అది సర్దుకుంటుంది. కాఫీ తోటల మీది సిల్వర్ ఓక్ నీడలో, ఘాట్ రోడ్డు గోడల పక్కన ఆ సవరణే తప్పుదారి పడుతుంది. అందుచేత కొండకు వెళ్లిన ప్రతిసారీ రైల్వే బోర్డు దగ్గర అంకెను చేత్తో సరిచేసుకుంటున్నాను.

ఎంవీపీ కాలనీ నుంచి గాజువాకకు కారులో వెళ్లేవారికి ఫోనే చాలు. ఫిషింగ్ హార్బర్ నుంచి వేటకు వెళ్లే బోటుకు ఎత్తుతో పని లేదు, తెర ఎండలో కనబడితే అదే గొప్ప. నాలాగా కొండలు పట్టుకు తిరిగేవారు మాత్రం బారోమీటరుతోపాటు, జీపీఎస్ తప్పులను సరిదిద్దే మన దేశపు ఉపగ్రహ ఏర్పాటైన గగన్ సంకేతాలను అందుకునే మోడల్ ఉందేమో అడగండి. విమానాలు దిగేటప్పటి ఎత్తు లెక్క కోసం కూడా రూపొందించిన ఏర్పాటు కనుక నిలువు తప్పును అది కొంత తగ్గిస్తుంది. నా మోకాళ్లు ఇంకో రెండు మూడేళ్లు సహకరిస్తాయన్న నమ్మకం ఉంటే నేను ఆ మోడలే కొంటాను, లేకపోతే ఉన్నదానితోనే సర్దుకుంటాను.